యానిమేషన్‌లో పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లతో పరిచయం ఎక్కడ మొదలవుతుంది, షో అయ్యాక ఎలా నిలుస్తుంది?

పోజ్‌టుపోజ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. క్యారెక్టర్ యానిమేషన్‌లో ఉన్నాను, రెండో షో (ఒక సినిమా లేదా సిరీస్ పని) నడుస్తోంది. "పరిచయాలు పెంచుకో, పని దానంతటదే వస్తుంది" అని ఎవరిని అడిగినా అంటారు. కానీ ఈ రంగంలో ఒకరి పేరు ఇంకొకరు ఎత్తి చెప్పే సందర్భాలు గమనిస్తే, ఆ చెప్పేవాళ్లు చాలాసార్లు మన పక్క కుర్చీ యానిమేటరూ కాదు, మన సూపర్‌వైజరూ కాదు. బట్టల సిమ్యులేషన్ (పాత్ర కదిలితే బట్ట ఎలా కదలాలో కంప్యూటర్‌తో లెక్కగట్టించడం) చేసే ఆవిడో, రాత్రిపూట రెండర్లు (కంప్యూటర్ ఒక్కో ఫ్రేమ్‌ని తుది బొమ్మగా తయారుచేయడం) చూసుకునే అతనో, ఎడిటింగ్‌లో అసిస్టెంటో అయి ఉంటారు. వాళ్లతో కూర్చుని మాట్లాడింది కూడా పెద్దగా ఉండదు.

అడగదలచుకున్నవి ఇవీ. ఫైలు చేతులు మారే చోట్లలో ఎక్కడ ఇలాంటి బంధం పడుతుంది? అక్కడ మనవైపు నుంచి సరిగ్గా ఏం చేయాలి? షో అయిపోయి అందరూ తలో దిక్కూ వెళ్లాక, గోప్యత ఒప్పందం దాటకుండా దాన్ని ఎలా నిలుపుకోవాలి? "కలివిడిగా ఉండు" లాంటివి కాకుండా ఫ్రేమ్ నంబర్ల దాకా చెప్పేవాళ్లుంటే చాలా మేలు.

---

సిమ్‌గది:

యానిమేటర్లకూ బట్టల సిమ్యులేషన్ చేసే మాకూ పరిచయం పడేది ఒకే ఒక్క చోట అండీ: ప్రీరోల్ దగ్గర, అంటే షాట్‌కి ముందు బట్ట సర్దుకోవడానికి ఇచ్చే అదనపు ఫ్రేముల దగ్గర. అది బాగుంటే ఆ పేరు గుర్తుంటుంది. లేకపోయినా గుర్తుంటుంది, ఇంకో రకంగా.

షాట్ 1001 నుంచి 1096 దాకా ఉందనుకోండి. 96 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున 4 సెకన్లు. ముందూ వెనకా 8 ఫ్రేముల హ్యాండిల్స్ (కట్ మారితే పనికొచ్చే అదనపు ఫ్రేములు) కలిపితే 993 నుంచి 1104. బట్ట లెక్క 993లో మొదలైతే సరిపోదు. బట్టని మోడల్ చేసింది చేతులు కాస్త పక్కకి చాపి నిలబడ్డ బైండ్ పోజ్ మీద. ఆ పోజ్ నుంచి మీ మొదటి పోజ్‌కి శరీరం నెమ్మదిగా రావాలి, వచ్చాక బట్ట సర్దుకోవడానికి కొంచెం సమయం ఉండాలి. అందుకని 943లో బైండ్ పోజ్ పెట్టండి, 973కల్లా మొదటి పోజ్‌కి తీసుకురండి, అక్కణ్నుంచి 993 వరకు కదలకుండా ఉంచండి. 30 ఫ్రేములు మారడానికి, 20 ఫ్రేములు సర్దుకోవడానికి. మీ షోలో లెక్క వేరుగా ఉండొచ్చు. అడిగి తెలుసుకోండి. ఆ అడగడమే పరిచయం.

ఇందులో తప్పులు జరిగే చోట్లు చెబుతాను.

ఒకటి, బైండ్ పోజ్‌ని సెట్ మధ్యబిందువులో పెట్టేస్తారు. పాత్ర నిలబడాల్సింది అక్కడికి 40 మీటర్ల అవతల. ఆ 30 ఫ్రేముల్లో పాత్ర గాల్లో దూసుకొచ్చినట్టు వస్తుంది, అంటే సెకనుంబావులో 40 మీటర్లు. పమిట చెంగైనా, కోటు అంచైనా వెనక్కి ఎగిరి, మెడకి చుట్టుకుని, అక్కడే ఉండిపోతుంది. పాత్ర షాట్‌లో ఎక్కడ మొదలవుతుందో అక్కడే, ఎటు చూస్తుందో అటే ముఖం పెట్టి బైండ్ పోజ్ ఉంచాలి.

రెండు, చేతులు కట్టుకున్న పోజ్‌తో మొదలయ్యే షాట్లు. బైండ్ పోజ్‌కీ ఆ పోజ్‌కీ మధ్య కంప్యూటర్‌కి వదిలేస్తే మోచెయ్యి పొట్టలోంచి దూరి వెళ్తుంది. బట్ట ముక్క ఒకటి శరీరం లోపల ఇరుక్కుంటుంది, ఇక షాట్ అయ్యేదాకా బయటికి రాదు. 958 దగ్గర ఒక్క కీ (మీరు చేత్తో పెట్టే పోజ్) వేసి, చేతిని శరీరానికి ముందుగా ఎత్తి తిప్పి తీసుకురండి. మీకు రెండు నిమిషాల పని. అది లేకపోతే మాకు సగం రోజు.

మూడు, పరుగులో మొదలయ్యే షాట్లు. వీటికి 20 ఫ్రేములు కదలకుండా ఉంచితే పనికిరాదు. నిలబడ్డ మనిషి 993లో ఉన్నట్టుండి వేగం అందుకున్నట్టు అవుతుంది, లంగా మొత్తం వెనక్కి కొట్టుకుపోతుంది. నిలకడకి బదులు అదే పరుగుని వెనక్కి పొడిగించండి. రెండు అడుగుల పరుగు ముందుగా ఉంటే చాలు, అది కెమెరాకి కనబడనవసరం లేదు.

ఇంకొకటి కూడా ఉంది, చిన్నదే. చెయ్యి నడుము మీద పెట్టినప్పుడు అరచేతిని ఒంటికి అంటించేస్తారు. మధ్యలో బట్ట పట్టడానికి చోటు ఉండదు. బట్ట మందం ఎంతో మమ్మల్ని అడిగి అంత ఎడం వదలండి. వేళ్లతో బట్ట పట్టుకునే చోట ఉంటే పబ్లిష్ నోట్‌లో (ఫైలు మాకు పంపేటప్పుడు జతచేసే నోట్) రాయండి: "1034 నుంచి 1041 వరకు కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ అంచుని పట్టుకుంటాయి, 1042లో వదులుతుంది." ఈ ఒక్క వాక్యం లేకపోతే ఫ్రేము ఫ్రేమూ చూసి మేమే ఊహించుకోవాలి.

ఇంత చేసే యానిమేటర్ ఏ షోలోనైనా కొద్దిమందే ఉంటారు. తర్వాతి షోకి ఎవరిని తీసుకుందామని సిమ్యులేషన్ సూపర్‌వైజర్‌ని అడిగే సందర్భం తప్పకుండా వస్తుంది. అప్పుడు ముందు నోటికొచ్చేది ఆ కొద్దిమంది పేర్లే.

---

రాత్రిపాళీ:

సిమ్‌గది గారు చెప్పినదానికి రెండర్ వైపు నుంచి కలుపుతున్నాను. మా పని రాత్రంతా రెండర్ క్యూ (మెషీన్ల కోసం ఆగి ఉన్న షాట్ల వరస) కాపలా కాయడం. మీకు మా ముఖాలు తెలియవు, మాకు మీ ఫైళ్లు బాగా తెలుసు.

లెక్క ముందు చూసుకోండి. 120 ఫ్రేములు, ఫ్రేముకు 2 గంటలు అయితే 240 మెషీన్ గంటలు. 40 మెషీన్లు దొరికితే 6 గంటల్లో అయిపోతుంది. రాత్రి 11కి పంపితే ఉదయం 5కి. 20 మెషీన్లే దొరికితే 12 గంటలు, అంటే డెయిలీస్‌కి (రోజూ షాట్లు కలిసి చూసే సమావేశం) అందదు. ఈ గుణకారం చేయకుండా "పొద్దున్నకి కావాలి" అని పంపేవాళ్లే ఎక్కువ.

అన్నిటికంటే ముందు మొదటి ఫ్రేమ్, మధ్యది, చివరిది ఈ మూడే పంపండి. టెక్స్చర్ (వస్తువు పైన అతికే రంగుల బొమ్మ) దొరకకపోవడం, క్యాష్ (లెక్కగట్టి దాచిన కదలిక ఫైలు) పాత వెర్షన్‌ది కావడం, లైటు ఆఫ్‌లో ఉండిపోవడం, చాలావరకు తప్పులు వీటిలోనే బయటపడతాయి. మూడూ బాగుంటే పూర్తి రేంజ్ పంపండి, వీలైతే ముందు ఒకటి విడిచి ఒకటి. తెల్లవారేసరికి సగం ఫ్రేములు వచ్చినా కదలిక మొత్తం చూడొచ్చు.

ఇక రాత్రి కాసేవాళ్లకి రాసే నోట్. నాలుగు సంగతులు చాలు:

షాట్ పేరు, వెర్షన్, ఏ ఫ్రేములు ముందు కావాలి. మామూలుగా ఎంత మెమరీ తీసుకుంటుంది, ఏ ఫ్రేముల్లో ఎక్కువ (జుట్టు కెమెరాకి దగ్గరగా వచ్చే చోట రెట్టింపు అవుతుంది). ఫ్రేమ్ పడిపోతే ఏం చేయాలి: మళ్లీ పంపాలా, పెద్ద మెమరీ ఉన్న మెషీన్‌కి మార్చాలా, వదిలేయాలా. ఏది వదిలేసినా ఫరవాలేదు.

ఆ చివరిది ఎవరూ రాయరు. రాస్తే మాత్రం మాకు నిర్ణయం తీసుకునే అధికారం ఇచ్చినట్టు. రాత్రి 3 గంటలకి క్యూ నిండిపోయినప్పుడు "ఈయన మోషన్ బ్లర్ (కదలిక వల్ల వచ్చే మసక) లేకుండా వచ్చినా చాలన్నాడు" అని తెలిస్తే ఆ షాట్ గట్టెక్కుతుంది. పొద్దున వచ్చి ఎలా నడిచిందని ఒక్క మెసేజ్ పెట్టండి. మళ్లీ ఏదైనా అవసరం పడినప్పుడు మీ షాట్ అనాథ కాదు.

అన్నట్టు, రెండర్ వ్రాంగ్లర్లలో (మాలా రెండర్లకి కాపలా కాసేవాళ్లు) చాలామంది కొన్నాళ్లకి లైటింగ్‌కో పైప్‌లైన్‌కో (ఫైళ్లు ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి సాగేలా చూసే విభాగం) మారతారు. అన్ని డిపార్ట్‌మెంట్ల ఫైళ్లూ విరిగేది చూసి ఉంటారు కాబట్టి వాళ్ల మాటకి విలువ ఉంటుంది.

---

కట్‌పాయింట్:

పై ఇద్దరు చెప్పినవి సరైనవే గానీ, ఒక మాట ఒప్పుకోను. ఫైలు శుభ్రంగా ఇస్తే కృతజ్ఞత వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అది బంధం అవ్వాలంటే ఫలితం వెనక్కి రావాలి. వాళ్లు మీ షాట్‌ని ఏం చేశారో మీరు చూడాలి, చూసి ఒక నిర్దిష్టమైన మాట చెప్పాలి. "బాగుంది" కాదు. "1052 దగ్గర తల తిప్పినప్పుడు చెవి జూకా రెండు ఫ్రేములు ఆలస్యంగా వచ్చింది కదా, దానివల్ల తల బరువు తెలిసింది" అనాలి. తమ పనిని అంత దగ్గరగా చూసిన మనిషిని ఎవరూ మరిచిపోరు. ఫైనల్ కంప్ (అన్ని పొరలూ కలిపిన తుది షాట్) వచ్చాక మీ షాట్లు వరసగా తెరిచి చూడడానికి వారానికి అరగంట పెట్టుకోండి.

ఎడిటింగ్ వైపు మూడు చోట్ల పరిచయాలు పడతాయి.

మొదటిది కట్ మారినప్పుడు. ఎడిటర్ 6 ఫ్రేములు కోస్తే ఆ కబురు మీకు ట్రాకింగ్‌లో (షాట్ల వివరాలు నమోదుచేసే జాబితా) ఒక అంకెగా వస్తుంది. దాన్ని చూసి ఊరుకోకుండా అసిస్టెంట్ ఎడిటర్‌ని అడగండి: ఆ 6 తలవైపు పోయాయా, తోకవైపు పోయాయా? తలవైపు పోతే మొదటి పోజ్ మారిపోయినట్టే, పక్క షాట్‌తో కలిపే కదలిక కూడా మళ్లీ చూసుకోవాలి. తోకవైపైతే ఎక్కువసార్లు చేయాల్సింది ఏమీ ఉండదు. ఇది తెలియక రెండు రోజులు వృథా చేసుకునేవాళ్లున్నారు.

రెండోది రిఫరెన్స్ వీడియోలు, అంటే యానిమేటర్ చూసి అనుసరించడానికి తీసుకునేవి. సహోద్యోగిని నటించమని ఫోన్‌తో తీస్తారు. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, పైగా వెలుతురుని బట్టి ఆ వేగం అటూఇటూ అవుతుంది. 10 సెకన్ల వీడియో అంటే 300 ఫ్రేములు. దాన్ని బొమ్మల వరసగా మార్చి 24 మీద ఆడిస్తే పన్నెండున్నర సెకన్లు అవుతుంది. నటన మొత్తం నీళ్లలో కదిలినట్టు వస్తుంది, డైలాగ్‌తో కలవదు. "నటన బాలేదు" అని ఎదుటివాళ్లని అనుకుంటారు గానీ తప్పు ఫైలుది. ఫోన్‌లోనే 24 పెట్టుకోండి, లేదా ముందు స్థిరమైన 24కి మార్చాకే పనిలోకి తీసుకోండి. చప్పట్లు ఒకసారి కొట్టి మొదలుపెడితే శబ్దం కలపడం సులువు. ఆ శబ్దం పడిన ఫ్రేమ్‌లో చేతులు కలిసి ఉండాలి.

రిఫరెన్స్‌కి నటించిన మనిషి అనుమతి లేకుండా ఆ వీడియో బయట పెట్టొద్దు. స్నేహాలు ఇక్కడ పుడతాయి, ఇక్కడే తెగుతాయి. అడిగి, ఎక్కడ వాడతారో చెప్పి, వద్దంటే ఆపేయాలి.

మూడోది స్క్రాచ్ డైలాగ్. అసలు గొంతు దొరికేదాకా స్టూడియోలో ఉన్నవాళ్ల చేతే మాటలు రికార్డు చేస్తారు. స్టోరీ, ఎడిటింగ్, ప్రొడక్షన్ మనుషులు ఒకే గదిలో కలిసేది ఇప్పుడే. ఒక్కోసారి ఆ తాత్కాలిక గొంతే నిలిచిపోతుంది. 2004 నాటి ది ఇన్‌క్రెడిబుల్స్‌లో ఎడ్నా మోడ్ గొంతు ఆ సినిమా దర్శకుడు బ్రాడ్ బర్డ్‌దే. స్క్రాచ్‌కి రమ్మంటే సిగ్గుపడకుండా వెళ్లండి. మైక్‌కి ఒక జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిరిగి మాట్లాడండి, ప, బ అన్నప్పుడు గాలి నేరుగా తగలకూడదు. ఒక్కో మాట మూడు రకాలుగా చెప్పండి, మధ్యలో రెండు సెకన్లు ఆగండి. ఎడిటర్‌కి కోసుకోవడానికి ఆ నిశ్శబ్దమే ఆధారం.

---

పోజ్‌టుపోజ్:

చాలా చాలా థాంక్స్ అండీ. 958 దగ్గర కీ సంగతి రేపే చేస్తాను.

ఇంకో ప్రశ్న. ఇప్పుడు నా షాట్లలో ఒక పాత్ర వయొలిన్ వాయిస్తుంది. స్టూడియోలో వాయించేవాళ్లు ఎవరూ లేరు. బయట సంగీత విద్వాంసుల్ని అడగాలంటే ఒప్పందం అడ్డొస్తుందేమోనని భయం. ఎలా అడగాలి?

---

లేఅవుట్‌లెన్స్:

ఇది చాలా మంచి ప్రశ్న. ఈ రంగంలో ఊహించని పరిచయాలు ఎక్కువగా దొరికేది ఇలాంటి చోటే. గుర్రం నడక కోసం పశువైద్యుల్ని, కుంటి నడక కోసం ఫిజియోథెరపిస్టుని, తాళం తీసే సీను కోసం తాళాలు బాగుచేసే మనిషిని కలవాల్సి వస్తుంది.

వెళ్లే ముందు ప్రొడక్షన్‌ని అడగండి, ఇది తప్పదు. బయటి మనిషికి ఏం చూపించవచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. చాలాసార్లు జవాబు ఇలా ఉంటుంది: సినిమా పేరు చెప్పొద్దు, పాత్రని చూపించొద్దు. అలాగైతే మామూలు బూడిదరంగు బొమ్మ మీద అదే కదలిక పెట్టి, సెట్ తీసేసి, సంగీతంలో ఎనిమిది పది సెకన్లు మాత్రమే చూపించండి. పాట కూడా రహస్యమైతే అదే లయలో ఉన్న ఏదైనా సాధన పాఠం వాయించమనండి. డబ్బు ఇవ్వాల్సి ఉంటే అది కూడా ప్రొడక్షనే తేల్చాలి, మీరు మాట ఇవ్వకండి.

అడిగేటప్పుడు "మీ సలహా కావాలి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "అరగంట కావాలి, నాలుగు ప్రశ్నలు ఉన్నాయి, మీ చేతుల్ని వీడియో తీసుకోవాలి, ముఖం రాదు" అనండి. ఇంత స్పష్టంగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

చిత్రీకరణ ఇలా చేయండి. రెండు కెమెరాలు. ఒకటి మీ షాట్‌లో కెమెరా ఎంత ఎత్తులో, ఏ కోణంలో ఉందో అక్కడ. రెండోది ఎడమచేతి వేళ్ల మీదకి. వేళ్ల కెమెరా సెకనుకు 120 ఫ్రేముల మీద తీయండి. 120ని 24తో భాగిస్తే 5, కాబట్టి ప్రతి ఐదో ఫ్రేమ్ తీసుకుంటే అసలు వేగం కచ్చితంగా వస్తుంది, అనుమానం వచ్చిన చోట మధ్య ఫ్రేములు తెరిచి చూసుకోవచ్చు. షట్టర్ సెకనులో 250వ వంతో, ఇంకా తక్కువో పెట్టండి, లేకపోతే వేళ్లు మసకగా వస్తాయి. అంత వేగం షట్టర్‌కి వెలుతురు బాగా కావాలి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

వాయించేవాళ్లు ఒక్క చూపులో పట్టేసే తప్పులు ఇవి. కమాను తీగకి అడ్డంగా, లంబంగా ఉండాలి. యానిమేషన్‌లో మోచెయ్యి వెనక్కి వెళ్లగానే అది ఏటవాలు అయిపోతుంది. తీగని తాకే చోటు బ్రిడ్జికీ వేళ్లపలకకీ మధ్య ఉండాలి. కమాను దిశ మారే క్షణం స్వరంతో కలవాలి. ఒకే కమాను లాగులో రెండు మూడు స్వరాలు పలికే చోట్లు ఉంటాయి, ప్రతి స్వరానికీ దిశ మార్చేస్తే తెలిసినవాళ్లకి చూడలేనంత ఇబ్బంది. ఇదంతా ముందుగా రాసుకోవడానికి ఒక పద్ధతుంది. ఆడియో అలల మీద ప్రతి స్వరం మొదలయ్యే ఫ్రేమ్ నంబర్ గుర్తుపెట్టుకోండి, ఆ జాబితా ప్రింటు తీసి ఆ విద్వాంసుల చేతికి ఇవ్వండి, కమాను కిందికా పైకా అన్నది ఒక్కో నంబర్ పక్కన వాళ్లనే రాయమనండి. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ కాగితం మీ మానిటర్ పక్కన అంటించుకుంటే షాట్ సగం అయినట్టే. మణికట్టు కదలిక మాత్రం కాగితం మీద రాదు, వీడియోలో చూడాల్సిందే: దిశ మారే ముందు మణికట్టు కొత్త దిశలోకి ముందే వాలుతుంది, కమాను దాని వెనక వస్తుంది.

ఇంకొక ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ ముందుగా అనుకోరు. స్క్రీన్ మీద చూపుల దిశ కలవడం లేదని ఎడిటింగ్‌లో షాట్‌ని అద్దంలోలా తిప్పేస్తారు. మామూలు షాట్‌కి పరవాలేదు. ఇక్కడ మాత్రం వయొలిన్ కుడిభుజం మీదికి వెళ్లిపోతుంది, కమాను ఎడమచేతిలోకి వస్తుంది. అందుకే ఈ వరస మొత్తానికి ట్రాకింగ్‌లో "తిప్పకూడదు, వాయిద్యం ఉంది" అని ఇప్పుడే రాయించండి. అసిస్టెంట్ ఎడిటర్‌కి నోటితో కూడా చెప్పండి.

బ్లాకింగ్ (ముఖ్యమైన పోజులు మాత్రమే పెట్టిన దశ) అయ్యాక ఒకసారి, స్ప్లైన్ (వాటి మధ్య కదలిక నునుపుగా కలిపిన దశ) అయ్యాక ఒకసారి వాళ్లకి చూపించాలి. పూర్తయ్యాక చూపిస్తే మార్చడానికి సమయం ఉండదు, వాళ్లకీ చెప్పబుద్ధి కాదు. సినిమా విడుదలయ్యాక మొదటి కబురు వాళ్లకి మీ నుంచే వెళ్లాలి. టైటిల్స్‌లో పేరు వేయించే సంగతి ఇప్పుడే కోఆర్డినేటర్‌తో మాట్లాడండి, చివర్లో అడిగితే జాబితా మూసేసి ఉంటుంది.

---

ట్రాకింగ్‌షీట్:

ప్రొడక్షన్ వైపు నుంచి. పేర్ల జాబితా సంగతి వచ్చింది కాబట్టి అక్కడే మొదలుపెడతాను, ఎందుకంటే మనసులు విరిగేది ఇక్కడే.

టైటిల్స్ జాబితా విడుదలకి చాలా ముందే మూసేస్తారు. మధ్యలో వచ్చి మధ్యలో వెళ్లినవాళ్లు, ఇంకో డిపార్ట్‌మెంట్ నుంచి మూడు వారాలు అరువుగా వచ్చినవాళ్లు, రాత్రిపాళీవాళ్లు, బయటి సలహాదారులు జారిపోతారు. ఎన్ని వారాలు పనిచేస్తే పేరు వేస్తారన్నది ఒక్కో షోకి ఒక్కోలా ఉంటుంది. మీ పేరు ఎలా రాయాలో, ఇంటిపేరు ముందా వెనకా, అక్షరాలతో సహా రాతలో పంపండి. మీకు సాయం చేసిన మనిషి ముందే వెళ్లిపోయి ఉంటే వాళ్ల పేరు జాబితాలో ఉందో లేదో మీరే అడగండి. లేకపోతే ఎవరు, ఏ షాట్లు, ఏ తేదీల్లో అన్నది ఇస్తే మాకు వాదించడానికి ఆధారం దొరుకుతుంది. ఇంతకంటే పెద్ద మేలు ఈ రంగంలో ఒకరికొకరు చేసుకునేది లేదని నా అభిప్రాయం. మనం లేనిచోట మన పేరు కోసం మాట్లాడిన మనిషిని ఎవరు మరిచిపోతారు?

కొన్ని స్టూడియోల్లో ఇంకో ఆచారం ఉంది. సినిమా తయారవుతున్నప్పుడు సిబ్బంది ఇళ్లలో పుట్టిన పిల్లల పేర్లు చివర్లో వేస్తారు. పిక్సార్ మొదటి సినిమా టాయ్ స్టోరీ (1995) నుంచీ ఇది చేస్తోంది. మీ షోలో ఉంటే, సెలవు మీద ఉన్న తల్లుల్ని, తండ్రుల్ని గుర్తుచేయండి. వాళ్లకి ఈమెయిళ్లు చూసే తీరిక ఉండదు, గడువు తెలియదు.

ఇక షో చివర. ఆఫీసు ఈమెయిల్ చివరిరోజే మూతపడుతుంది, చాట్ కూడా. కాబట్టి ఆఖరి రెండు వారాల్లో, ఎవరితో నిజంగా పని నడిచిందో వాళ్లని ఒక్కొక్కరినీ అడిగి సొంత నంబర్ తీసుకోండి. పది పదిహేను మంది అవుతారు, అంతే చాలు. కంపెనీ ఉద్యోగుల జాబితా కాపీ చేసుకుని వెళ్లొద్దు, అది ఒప్పందం మీరడమే అవుతుంది. ప్రతి పేరు పక్కన ఒక వాక్యం రాసుకోండి: ఏ వరస షాట్ల మీద, ఏ సమస్య. రెండేళ్ల తర్వాత "బాగున్నారా" అనే మెసేజ్‌కీ, "ఆ వాన షాట్లో తడిసిన జుట్టు క్యాష్ మీరు మళ్లీ చేసిచ్చారు, ఇవాళ అలాంటిదే వచ్చింది" అనే మెసేజ్‌కీ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుసు. రెండోదైనా సినిమా విడుదలయ్యాకే పంపండి. షాట్ వివరాలు అప్పటిదాకా బయటి ఫోన్లలో ఉండకూడదు.

ఎవరినైనా సిఫార్సు చేయాలన్నా, చేయించుకోవాలన్నా పంపాల్సినవి: ఏ పని, ఏ సాఫ్ట్‌వేర్, రీల్ (మన మంచి షాట్లు కలిపి చూపించే వీడియో) లింకు, దాని పాస్‌వర్డ్, ఎప్పటి నుంచి ఖాళీ, ప్రస్తుత చోట నోటీసు ఎన్ని రోజులు. ఇవి ఐదు వరసల్లో ఉంటే చదివినవాళ్లు అలాగే ముందుకి పంపుతారు. పాస్‌వర్డ్ మరిచిపోయి పంపినవి చాలావరకు అక్కడే ఆగిపోతాయి, మళ్లీ అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

మామూలుగా పని కోసం కలవని చోట కూడా గట్టి జోడీలు కుదిరాయండీ. జపాన్ యానిమేషన్ సంస్థ తోయీలో దర్శకులు ఇసావో తకహతా, హయావో మియజాకీ దగ్గరైంది ఆ సంస్థ కార్మిక సంఘంలో. 1964లో మియజాకీ ఆ సంఘం కార్యదర్శి, తకహతా ఉపాధ్యక్షుడు. 1985లో స్టూడియో జిబ్లీ పెట్టేనాటికి ఆ పరిచయానికి ఇరవై ఏళ్లు దాటింది. అందుకని ఆఫీసులో పనిగంటల గురించో, క్యాంటీన్ గురించో కమిటీ ఉంటే అందులో కూర్చోండి. ఏ డిపార్ట్‌మెంట్ మీద ఎప్పుడు ఒత్తిడి పడుతుందో అక్కడ అర్థమవుతుంది.

---

సిమ్‌గది:

కట్‌పాయింట్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఫలితం చూసి చెప్పేవాళ్లు నిజంగా తక్కువ.

వయొలిన్ షాట్‌కి ఒక చేర్పు: ఎడమచేతి జబ్బ దగ్గర చొక్కా మడతలు చాలా ఇబ్బంది పెడతాయి. గడ్డం కింద వాయిద్యం బట్టని నొక్కి పట్టి ఉంటుంది కదా. వాయిద్యాన్ని 973కల్లా భుజం మీదికి తెచ్చేయండి, 993 తర్వాత తేవద్దు. ప్రీరోల్‌లో అది పైనుంచి నెమ్మదిగా దిగాలి. పక్కనుంచి దూరితే కాలర్ దాని కింద చిక్కుకుంటుంది. వాయిద్యం క్యాష్ కూడా విడిగా 943 నుంచే ఇవ్వాలి, శరీరం మాత్రమే ఇస్తే మాకు నొక్కేది ఏదో తెలియదు.

---

పోజ్‌టుపోజ్:

వాయిద్యం క్యాష్ సంగతి అసలు తట్టలేదండీ, రాసుకున్నాను. చివరిగా ఒక్కటి. ఈ షాట్ రీల్‌లో పెడితే బట్ట, లైటింగ్, రిగ్ (పాత్రని కదిలించడానికి లోపల అమర్చే కీళ్లూ పట్లూ) ఏవీ నావి కాదు. ఎలా రాయాలి?

---

ట్రాకింగ్‌షీట్:

విడుదలయ్యాక, స్టూడియో అనుమతి వచ్చాకే పెట్టాలి. రీల్ 60 నుంచి 90 సెకన్లు, మంచిది ముందు. షాట్ మీద కింద మూలలో చిన్న అక్షరాలతో "పాత్ర యానిమేషన్ మాత్రమే" అని వేయండి, షాట్ ఉన్నంతసేపూ ఉండాలి, రెండు సెకన్లు వేసి తీసేస్తే చూసేవాళ్లకి అందదు. రీల్‌తో పాటు ఒక పేజీ కాగితం: షాట్ సమయం, మీరు చేసింది, బట్ట ఎవరు, రిగ్ ఎవరు, లైటింగ్ ఎవరు. ఆ పేర్లు వేసే ముందు వాళ్లని అడగండి. కొందరికి బయట పేరు రావడం ఇష్టం ఉండదు. అడిగినప్పుడే పూర్తయిన షాట్ లింకు కూడా ఇవ్వండి, రీల్ కట్టుకునే తీరిక లేనివాళ్లకి తమ పని చూసుకునే వీలు అలాగే దొరుకుతుంది.

వయొలిన్ నేర్పిన విద్వాంసుల పేరు కూడా ఆ పేజీలోనే, "వాయిద్య సలహా" అని.